పక్క సంతకం

ఆ వేసవిలో మా వార్డులో మొదట ఆగిపోయింది కుళాయి. చేతులు కడుక్కునే సింకు దగ్గర ఒక బకెట్టు, అందులో ఒక మగ్గు పెట్టారు. మధ్యాహ్నానికి ఆ బకెట్టూ అడుగంటేది. సబ్బునీళ్ళ సీసాలో నీళ్ళు కలిపి కలిపి చివరికి సబ్బు వాసన మాత్రం మిగిలింది. గోడ మీద మాత్రం చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మల కాగితం కొత్తది అంటించి వెళ్ళారు. రంగులు బాగున్నాయి.

ముప్ఫై మంచాల వార్డులో నలభై ఎనిమిది మంది రోగులు. పొద్దుటి డ్యూటీకి ముగ్గురు నర్సులం ఉండాలి. ఒకావిడ పురిటికి వెళ్ళింది, ఆవిడ స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. మిగిలింది మా అక్కా, నేనూ.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, తోటికోడలు. మా బావగారి భార్య. ఆ ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఆవిడది. నేను నర్సింగు చదువుతూ అక్కడికి శిక్షణకి వచ్చినప్పుడు, నా చేతిలో సూది వణకడం చూసి అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "వణికే చెయ్యి మంచిదే, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తుంది" అంది. ఆర్నెల్లు తిరక్కుండా నన్ను తన మరిదికి చేసుకుంటామని మా ఇంటికి కబురు పంపింది. పని నేర్పిందీ ఆవిడే, కాపురానికి తెచ్చుకుందీ ఆవిడే. ఇంట్లో ఒకటే వంటిల్లు, ఆస్పత్రిలో ఒకటే వార్డు. "నా ఇంట్లో కోడళ్ళు లేరు, జోడెద్దులున్నాయి" అనేది మా అత్తయ్య, మేమిద్దరం ఒకేసారి చెప్పులు విడుస్తుంటే చూసి.

మా వార్డులో ఒక నియమం ఉంది. నరంలోకి నేరుగా ఎక్కించే ప్రతి మందు దగ్గరా ఇద్దరు నర్సులుండాలి. ఒకరు మందు కలుపుతుంటే రెండోవాళ్ళు పక్కన నిలబడి సీసా మీద పేరు, రోగి పేరు, మోతాదు చదవాలి. చదివాక రిజిస్టర్లో సంతకం పెట్టాలి. దానికి మేం పెట్టుకున్న పేరు పక్క సంతకం.

నియమంలో వంకేమీ లేదు. కానీ ఒక పూటలో అరవై ఇంజెక్షన్లు. ఉన్నది ఇద్దరం. నేను ఆవిడ పక్కన, ఆవిడ నా పక్కన నిలబడుతూ పోతే వార్డును ఎవరు చూడాలి? అందుకని ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కగానే, టీ తాగుతూ, ఆవిడ తన రిజిస్టరు నా వైపు తోసేది, నేను నాది ఆవిడ వైపు తోసేదాన్ని. మధ్యాహ్నం రెండు దాకా ఇవ్వబోయే మందులన్నిటికీ, ఒక్క సీసా మూత కూడా తియ్యకముందే, పై గడి నుంచి కింది గడి దాకా బరబరా సంతకాలు గీకేసేవాళ్ళం. టీ చల్లారేలోపు అయిపోయేది. ఓసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి మా రిజిస్టరు తిరగేసి, ఒక్క గడీ ఖాళీ లేదని మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

ఎండలు ముదిరాక స్టోర్ నుంచి కొత్త పెట్టెలు వచ్చాయి. పొటాషియం సీసాకి ఎప్పుడూ ఎర్రమూత ఉండేది. డ్రిప్పులో కలిపి గంటల తరబడి ఎక్కిస్తే మనిషిని నిలబెట్టే మందు అది. అదే సిరంజిలో పట్టి ఒక్కసారిగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. పొడి మందులు కరిగించుకునే నీళ్ళ సీసాకి తెల్లమూత. ఈసారి రెండిటికీ తెల్లమూతే. ఒకటే ఎత్తు, ఒకటే లావు, రెండిటి మీదా నీలం అక్షరాలే. రెండూ ట్రాలీ కింది సొరుగులోనే, పక్కపక్క వరసల్లో.

నేను స్టోర్‌కి వెళ్ళి రెండు సీసాలూ బల్ల మీద పెట్టాను. "చూడండి, వీటిలో ఏది ఏదో చెప్పండి."

స్టోర్‌కీపరు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "మీద రాసుంది కదమ్మా. చదువుకున్నవాళ్ళేగా మీరంతా?"

"ఎర్రమూతవి మళ్ళీ తెప్పించలేరా?"

"మూత రంగు చూసి మందులు కొంటారా ఎక్కడైనా? నాకు చెప్పి లాభం లేదు, పైకి రాసి ఇవ్వండి."

పైకి రాయడానికీ ఒక పుస్తకం ఉంది. వార్డులో పొరపాటు జరిగినా, జరగబోయి తప్పినా అందులో రాయాలి. అది హెడ్ సిస్టర్ గారి బీరువాలో తాళం వేసి ఉండేది. అందులో మొదటి పేజీ ఒక్కటే నిండింది. రెండేళ్ళ కిందట ఒక నర్సు, మోతాదు తప్పు ఇచ్చానని తనంతట తనే అందులో రాసింది. రోగికి ఏమీ కాలేదు. ఆవిణ్ణి మాత్రం అందరి ముందూ నిలబెట్టి కడిగేసి, ఎవరూ వెళ్ళని చోటికి బదిలీ చేశారు. ఆ తర్వాత ఆ పుస్తకం తాళంచెవి ఎవరూ అడగలేదు.

నేనూ అడగలేదు. ఒకరోజు నీళ్ళ సీసాల వరసలో ఒక పొటాషియం సీసా కనిపించింది. ఎవరు సర్దారో తెలీదు, నేనే సర్దానేమో కూడా. తీసి దాని వరసలో పెట్టి, సొరుగు మూసేసి, నా పనిలో నేను పడ్డాను. ఇంటికొచ్చాక అక్కతో మాత్రం అన్నాను.

"పద్దెనిమిదేళ్ళ నుంచి ఇవే చేతులే" అంది అక్క, తన అరచేతులు రెండూ నా ముందు చాపి. "చీకట్లో పెట్టినా ఏది ఏదో చెబుతాయి. నువ్వు ఊరికే హైరానా పడకు."

ఆ చేతుల మీద నాకు నా చేతుల కంటే ఎక్కువ నమ్మకం. అక్కడితో ఊరుకున్నాను.

పదిహేడో నంబరు మంచం మీద ఒక టైలరు ఉండేవాడు. షుగరు, కాలికి పుండు. రోజూ మూడు పూటలా ఇంజెక్షను. వార్డంతా ఆయన్ని మాస్టారు అనేవాళ్ళం. ఆయనకి రోగం కంటే మా కోట్ల మీదే ఎక్కువ దిగులు.

"ఈ కోటు కుట్టినవాడెవడో గానీ సిస్టరమ్మా, వాడికి మీ మీద పాత కక్షేదో ఉంది. నాలుగు చేతులు చాలని పని మీది. ఒక్క జేబు పెట్టలేదు."

"మీ కాలు తగ్గాక మీరు పెడుదురుగాని లెండి."

"కాలుతో కుడతానా ఏంటి? చెయ్యి బాగానే ఉందిగా. తీసుకురండి."

నిజంగానే భార్య చేత సూదీ దారం తెప్పించుకుని, మంచం మీద కూర్చుని నా రెండో కోటుకి లోపలివైపు లోతుగా ఒక జేబు కుట్టాడు. కుట్లు మెషీను మీద వేసినట్టున్నాయి. "ఇందులో కత్తెర పెట్టుకోండి, పెన్ను పెట్టుకోండి. పడిందంటే నన్నడగండి" అన్నాడు. అక్క అది చూసి, "మరి నాకో?" అని అలిగింది. మర్నాడు ఆవిడ కోటూ తెమ్మన్నాడు. ఆవిడ తెచ్చి ఆయన తలగడ కింద పెట్టింది.

ఆ రోజే జరిగింది.

రెండుకి పది నిమిషాలుంది. డ్యూటీ దిగే హడావుడి. నేను వార్డు ఈ చివర, వాంతులు చేసుకుంటున్న ఒక ముసలామెను పట్టుకుని ఉన్నాను. ఆ చివర అక్క గొంతు వినిపిస్తోంది. "ఏం మాస్టారూ, నా జేబు ఎంతవరకొచ్చింది?" మాస్టారు ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత, అక్క నన్ను పేరు పెట్టి పిలిచింది. వార్డులో ఎప్పుడూ సిస్టర్ అనే పిలిచే మనిషి.

అరగంట సేపు ఆయన ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాం, మార్చి మార్చి. డాక్టరు వచ్చాడు, చెయ్యగలిగింది చేశాడు, చివరికి గడియారం చూశాడు. "షుగరు మనిషి. గుండె" అని రాసి సంతకం పెట్టాడు. ఆయన భార్య మందుల చీటీ పట్టుకుని కింద వరసలో నిలబడి ఉంది. పొట్లం తీసుకుని పైకి వచ్చేసరికి అక్క ఆయన కళ్ళు మూస్తోంది. తలగడ కింద నుంచి అక్క కోటు చెయ్యి ఒకటి బయటికి వేళ్ళాడుతోంది, జేబుకి సగమే కుట్లు పడి.

ట్రాలీ సర్దింది నేనే. చెత్తడబ్బాలో పైనే రెండు ఖాళీ సీసాలు. ఒకటి పొడి మందుది. రెండోది నీళ్ళది కావాలి. తీసి చదివాను. మళ్ళీ చదివాను. నీలం అక్షరాలు పొటాషియం అనే చెబుతున్నాయి.

రిజిస్టర్లో పదిహేడో నంబరు ఎదురుగా, ఒంటిగంట నలభై ఐదు మందుకి, నా పక్క సంతకం ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి, టీ తాగుతూ పెట్టింది. గుండ్రంగా, తీరుబడిగా ఉంది. ఆ సీసా మాస్టారు కుట్టిన జేబులో వేసుకున్నాను. పడలేదు. ఆయన చెప్పినట్టే, లోతైన జేబు.

ఇంట్లో దాన్ని నా బట్టల అరలో, పాత కండువా మడతలో దాచాను. తొమ్మిది రోజులు దాచాను. ఎవరి కోసం దాచానంటే అక్క కోసమే అని చెప్పుకున్నాను. బావగారి పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ ఇల్లు నిలబడింది అక్క ఉద్యోగం మీద. ఈ సీసా బయటపడితే ఆవిడ ఏమైపోతుంది? నన్ను ఈ ఇంటికి తెచ్చిన మనిషి గొంతు నేనే కొయ్యనా? ఇలా అనుకుంటే కాస్త నిబ్బరంగా ఉండేది. నా సంతకం సంగతి ఆ లెక్కలోకి రానిచ్చేదాన్ని కాదు.

అక్కకి అన్నం సయించడం మానేసింది. కంచం ముందు కూర్చుని, "ఆ మాస్టారు కళ్ళలోనే ఉన్నాడే. నవ్వుతూ నవ్వుతూ అలా ఎలా పోయాడు?" అనేది. నేను కంచంలోకి చూసేదాన్ని.

"ఎండలమ్మా, ఎవరికి మాత్రం బాగుంది?" అనేది అత్తయ్య.

వార్డులో ఏదీ మారలేదు. పదిహేడో నంబరులోకి సాయంత్రానికే ఇంకొకరు వచ్చారు. ఎనిమిదింటికి టీ వచ్చేది, రిజిస్టరు నా వైపు వచ్చేది, నేను పక్క సంతకాలు పెట్టేదాన్ని. అవును, ఆ తొమ్మిది రోజులూ పెట్టాను. మానేస్తే ఎందుకని అడుగుతుంది కదా. నా సీసాలు మాత్రం నేను మూడేసి సార్లు చదువుకునేదాన్ని. ఆవిడ ట్రాలీ చప్పుడు వినిపిస్తే చేతిలో పని ఆపి వినేదాన్ని. సొరుగు తెరిచిన చప్పుడు, మూత ఊడిన చప్పుడు, ఆ తర్వాత కాసేపు ఏమీ వినిపించకపోవడం.

తొమ్మిదో రోజు అక్క సిరంజి పట్టుకుని నాలుగో నంబరు వైపు నడుస్తోంది. పెళ్ళై ఏడాదైనా కాని పిల్ల, జ్వరంతో చేరింది. నాకేమైందో తెలీదు, వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తాను. ట్రాలీ మీద ఖాళీ సీసా తీసి చదివాను. నీళ్ళదే. అక్కడే మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను.

"ఏమైందే నీకు?" అంది అక్క, మందు ఇచ్చేశాక. "దెయ్యం పట్టినట్టు ఆ పరుగేంటి?"

"ఇంటికెళ్ళాక చెబుతా."

సాయంత్రం డాబా మీద ఆరేసిన కోట్లు తీస్తున్నాం. ఇంకా వేడి దిగలేదు, కాళ్ళు చురుక్కుమంటున్నాయి. నేను సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఎక్కడిదో, ఏ రోజుదో చెప్పాను. అక్క దాన్ని తిప్పి తిప్పి చదివింది. కూలబడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అలాగే నిలబడింది.

"ఎన్నాళ్ళైంది ఇది నీ దగ్గరికొచ్చి?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు" అంది. కోటు మడత పెట్టబోయి ఆపింది. "ఈ తొమ్మిది రోజులూ నేను మందులిచ్చాను కదే. ఆ సొరుగులోంచే."

"నీ ఉద్యోగం పోతుందని..."

"నీకు తెలుసు. తెలిసీ రోజూ నాకు సంతకం పెట్టావు."

అప్పుడు ఏడ్చింది నేను. ఆవిడ కోట్లన్నీ ఒక్కొక్కటీ మడత పెట్టి, నాది కూడా మడత పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు హెడ్ సిస్టర్ గదిలోకి ఇద్దరం వెళ్ళాం. అక్క తాళంచెవి అడిగింది. హెడ్ సిస్టర్ గారు మంచి మనిషే, అందుకే భయపడింది. "డాక్టరు గుండె అని రాశాడుగా? ఎందుకమ్మా కదపడం? నీకింకా పన్నెండేళ్ళ సర్వీసుంది."

"తాళంచెవి ఇవ్వండి మేడమ్."

రెండో పేజీలో అక్క తను చేసింది రాసింది. దాని కింద నేను, పక్క సంతకం చూసి పెట్టింది కాదని, ఎప్పుడూ చూసి పెట్టలేదని రాశాను. సీసాలు రెండూ ఒకేలా ఉన్నాయని, ఒకే సొరుగులో ఉన్నాయని, ముగ్గురి పని ఇద్దరం చేస్తున్నామని కూడా రాశాను. రాస్తుంటే చెయ్యి వణికింది.

సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్ళాం. ముందు గది దుకాణం. కత్తిరించి వదిలేసిన గుడ్డలు అలాగే ఉన్నాయి, మెషీను మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన భార్య కుర్చీలు వేసింది. అక్క నిలబడే చెప్పింది, ఏమీ దాచకుండా, మధ్యలో ఆగకుండా. నేను చేసింది నేను చెప్పాను. ఆవిడ అరుస్తుందని, జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుందని సిద్ధపడి వెళ్ళాం. ఆవిడ మెషీను మీది దుప్పటి అంచు సర్దింది.

"ఆ సీసాలు ఇప్పుడెక్కడున్నాయి?" అంది.

"అక్కడే ఉన్నాయండీ" అంది అక్క.

"అక్కడే ఉన్నాయా? మరి నా దగ్గరకెందుకొచ్చారు?"

లేచి లోపలికి వెళ్ళి, సగం కుట్టిన జేబున్న అక్క కోటు తెచ్చి ఇచ్చింది. తలుపు వేసుకుంది.

విచారణకి ముగ్గురు వచ్చారు. ఎవరిచ్చారు, ఎవరు సంతకం పెట్టారు, ఆ రెండే అడిగారు. సీసాల గురించి నేను ఎత్తితే, "అడిగినదానికి చెప్పమ్మా" అన్నారు. అక్కని సస్పెండు చేశారు. నాకు మెమో ఇచ్చారు. దోషి దొరికింది, ఫైలు మూసుకుంది. స్టోర్ నుంచి తర్వాతి పెట్టె వచ్చింది. తెల్లమూతలే.

ఇంట్లో అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. "తిన్నింటికి కన్నం వేసింది" అని పక్కింటావిడతో అంటుంటే విన్నాను. బావగారు నేను వస్తే గదిలోంచి లేచి వెళ్ళేవాడు. మా ఆయన ఎటూ చెప్పలేక ఇంటికి రావడమే ఆలస్యం చేశాడు. అక్క మాత్రం రోజూ నేను చెప్పులు విడిచే వేళకి గడప దగ్గరకి వచ్చి ఒకే ఒక్క మాట అడిగేది.

"సొరుగు మార్చారా?"

"లేదు."

లోపలికి వెళ్ళిపోయేది. రోజంతా మా మధ్య అదే మాట, అదే జవాబు. వారం అలా గడిచాక ఒకరోజు, జవాబు విని కూడా కదల్లేదు. తన కూతురి గోళ్ళరంగు సీసా నా చేతిలో పెట్టింది. ఎర్రది. "పొద్దున్నే వెళ్ళి, మూతలకి పూసెయ్" అంది.

అప్పటి నుంచి నేను ఏడున్నరకే వెళ్ళి, పొటాషియం సీసాలన్నిటికీ ఎర్రరంగు పూసి, వేరే డబ్బాలో వేసి, బల్ల పై అరలో పెట్టడం మొదలుపెట్టాను. హెడ్ సిస్టర్ గారు చూసింది. వద్దనలేదు. మూడో రోజు పాతబడిన మసక బల్బు తీయించి మందులు కలిపే బల్ల మీద కొత్తది పెట్టించింది. ఆ పుస్తకం కూడా బీరువాలోంచి బల్ల మీదకి వచ్చింది. తాళంచెవి ఏమైందని ఎవరూ అడగలేదు.

వానలు మొదలయ్యాక పురిటికి వెళ్ళినావిడ స్థానంలో కొత్త పిల్ల చేరింది. చురుకైనది, నవ్వు మొహం. రెండో వారంలోనే, ఎనిమిదింటికి టీ గ్లాసుతో పాటు రిజిస్టరు నా వైపు తోసింది.

"పక్క సంతకాలు పెట్టేద్దురూ అక్కా. పని తెమిలిపోతుంది."

ఆ మాట ఎక్కడ నేర్చుకుందో మరి. పక్క వార్డులో నేర్చుకుని ఉంటుంది.

"సీసా పట్టుకురా. చూసి పెడతాను."

పిల్ల మొహం చిన్నబోయింది. "ఒక్కోసారీ మిమ్మల్ని పిలుస్తూ కూర్చుంటే ఎప్పటికవుతుందక్కా? నా మీద నమ్మకం లేదా?"

"మా అక్క మీద నాకు ప్రాణమంత నమ్మకం" అన్నాను. "సీసా పట్టుకురా."

విసుక్కుంటూ వెళ్ళి కింది సొరుగు తెరిచి, సిరంజీ, పొడి మందూ, నీళ్ళ సీసా తెచ్చింది. మూత తెల్లగా ఉంది. కొత్త బల్బు కింద పెట్టి, వేలితో ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను. ఆ పిల్ల చేత కూడా చదివించాను. చదువుతూ చదువుతూ "పొటా" అని సగంలో ఆగిపోయింది. నిన్న సాయంత్రం, నేను దిగిపోయాక, స్టోర్ నుంచి కొత్త పెట్టె వచ్చిందట. ఎవరో విప్పి సొరుగులో సర్దారు. పొద్దున్న నేను పై అరలో డబ్బా చూసుకున్నాను గానీ ఆ సొరుగు తెరవలేదు.

ఆ పిల్లను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, బల్ల మీది పుస్తకం దగ్గరకి లాగాను. జరగబోయి తప్పిందని ఇద్దరం కలిసి రాశాం. ఎవరు సర్దారని హెడ్ సిస్టర్ గారు అడగలేదు. సొరుగు తనే ఖాళీ చేయించింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి, వానలో తడిసి ఇంటికొచ్చాను. అక్క గడప దగ్గరే ఉంది.

"సొరుగు మార్చారా?"

"ఇవాళ ఖాళీ చేశారు. రేపటి సంగతి తెలీదు." చెప్పులు విడిచాను. "ఒకటి దొరికిందక్కా. పక్కన నిలబడి చదివాను. ఇవ్వకముందే పట్టుకున్నాం."

"మనిషి?"

"బాగున్నాడు. పొద్దున్న టీ అడిగి తాగాడు."

అక్క గడప మీద కూర్చుండిపోయింది. మాస్టారు పోయిన రోజు ఏడవలేదు, డాబా మీద ఏడవలేదు, సస్పెన్షన్ కాగితం అందుకున్నప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తయ్య లోపలి నుంచి ఏమిటేమిటని పరుగున వచ్చి, మా ఇద్దరినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను తడిబట్టలతోనే అక్క పక్కన కూర్చున్నాను.

చాలాసేపటికి, కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"రంగు ఇంకా ఉందా, అయిపోయిందా?"

"అయిపోవచ్చింది."

"రేపు తెచ్చి ఉంచుతాను" అంది.